ఉప్పు లేని సూపు

"ఈ గోడకి ఈ రంగు బాగుంటుందని చెప్పిన మహానుభావుడు ఎవరండీ?"

రంగుల షాపులో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి తలెత్తి చూశారు. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు, భుజం మీద మడతపెట్టిన బట్ట, చేతిలో ఫోను. ఫోన్లో ఒక గోడ ఫోటో ఉంది. ఆ గోడ పండిన గుమ్మడికాయ రంగులో ధగధగలాడిపోతోంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కౌంటరు వెనకాల మనవాడు చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"నేనేనండీ. బాగుంది కదా?"

"బాగుందా? ఆ హాలుకి నేను నీలం కర్టెన్లు కుట్టానండీ. మీరేమో గుమ్మడికాయ పూయించారు. హాల్లో కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయని ఆ ఇంటావిడ ఫోన్ చేసి నన్ను తిడుతోంది."

"నీలం కూడా బాగుంటుందండీ."

"రెండూ కలిపి?"

"రెండూ కలిపి... కొత్తగా బాగుంటుందండీ."

ఆ అమ్మాయి అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. కోపం కాస్తా ఆశ్చర్యంగా మారింది.

"అసలు మీకు బాగోనిదంటూ ఏదైనా ఉందా?"

మనవాడు నిజంగానే ఆలోచించాడు. "ఇంకా తగల్లేదండీ" అన్నాడు.

అలా మొదలైంది. ఎదురు వరసలో కొత్తగా తెరిచిన కర్టెన్ల షాపు ఆ అమ్మాయిదే. ఆ రోజు నుంచి వీధిలో మనవాడికి "బాగుందిగారు" అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు పెట్టింది ఆమే, ప్రచారం చేసింది కూడా ఆమే. అతను మాత్రం ఆమెని మనసులో కర్టెన్లమ్మాయి అనే పిలుచుకునేవాడు.

మనవాణ్ణి అని ఏం లాభం లెండి. పెంపకం అలాంటిది. నోరు మంచిదైతే ఊరు మంచిదని వాళ్ళమ్మ ఉగ్గుపాలతో పాటు పోసింది. స్కూల్లో పక్కవాడి వంకర బొమ్మ బాగుందన్నాడు. హాస్టల్లో నీళ్ళ పప్పు బాగుందన్నాడు. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. రంగుల కార్డు తిరగేసి కస్టమరు ఏ రంగు మీద వేలు పెడితే ఆ రంగు బాగుందనడమే పని. డబ్బా మిషన్లో పెట్టి గిరగిరా తిప్పడం కన్నా ఈ మాట అనడమే ఎక్కువసార్లు చేసేవాడు.

తర్వాత కర్టెన్లమ్మాయి గోడరంగు అడిగి తెలుసుకున్నాకే బట్ట కత్తిరించడం మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం చిన్న చిన్న గుడ్డముక్కలు పట్టుకొచ్చేది. ఇద్దరూ ట్యూబులైటు కింద ఒకసారి, వీధి వెలుతురులో ఒకసారి వాటిని రంగుల కార్డు పక్కన పెట్టి చూసేవాళ్ళు. గుడ్డముక్కలు చూడాల్సిన కళ్ళు అప్పుడప్పుడు దారి తప్పేవి. రెండు టీలు వచ్చేవి, అవి చల్లారేదాకా మాటలు సాగేవి.

ఒకరోజు ఉన్నట్టుండి పెద్ద వాన. ఆమె వీధి దాటేలోపే తడిసి ముద్దయింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, కాటుక బుగ్గల మీదికి దిగింది.

"ఎలా ఉన్నాను?" అంది, తువ్వాలు అందుకుంటూ.

"బాగున్నారు."

"కాటుక కారిందా?"

"కారింది. అయినా బాగుందండీ."

నవ్వుతుందనుకున్నాడు. ఆమె తువ్వాలు మడిచి కౌంటరు మీద పెట్టి, వాన తగ్గకుండానే వెళ్ళిపోయింది. ఏం తప్పన్నానా అని మనవాడు ఆ వారమంతా బుర్ర గోక్కున్నాడు.

ఇలా ఉండగా ఆకులు రాలే రోజులు వచ్చాయి. పండగ సెలవులకి ముందు ఓనరు అతన్ని పిలిచి, వేరే ఊళ్ళో కొత్త షోరూం తెరుస్తున్నామని, దాన్ని చూసుకోవడానికి వెళ్తావా అని అడిగాడు. సెలవయ్యాక సోమవారం చెప్పమన్నాడు. ఆ మాట తీసుకుని అతను తిన్నగా ఎదురు షాపుకి వెళ్ళాడు. వెళ్ళొద్దు అని ఆమె ఒక్క మాట అంటే చాలు, ఓనరు బంగారు కుర్చీ వేస్తానన్నా వెళ్ళడు.

ఆమె కుట్టుమిషను ఆపింది. "మీకెలా ఉంది ఆ సంగతి?"

"బాగానే ఉందండీ" అన్నాడు, అలవాటు ప్రకారం.

ఆమె దారం కొస పంటితో తెంపింది. తర్వాత అంది: "ఈ సెలవు రోజున మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి. ఏటా ఆ రోజు మా వాళ్ళందరం కలిసి తింటాం. తలా ఒకటి వండుతారు. సూపు ఏటా ఒకరి వంతు. ఈసారి నా వంతు."

"తప్పకుండా వస్తానండీ. నేను కూడా ఏదైనా చేసుకురానా?"

"తెండి. ఇంకో మాట..." అని ఆగిపోయింది. చెప్పాలా వద్దా అన్నట్టు పెదవి కొరుక్కుంది. "ఏం లేదు. ఆకలితో రండి. నోరు తెరిచి మాట్లాడండి. అంతే."

నోరు తెరిచి మాట్లాడమంటే మనవాడికి ఒకటే అర్థం. అద్దం ముందు నిలబడి బాగుందనడానికి ఎన్ని మాటలున్నాయో అన్నీ సాధన చేశాడు. అద్భుతం, అమోఘం, ఇంత రుచి నా జన్మలో ఎరగను. మధ్యలో యాపిల్ పై అనే తీపి వంటకం చేయడం నేర్చుకుని మూడుసార్లు మాడ్చాడు. నాలుగోది అంచుల్లో మాత్రమే మాడింది. అదే గుడ్డ కప్పి తీసుకెళ్ళాడు.

ఇంటి ముందు రాలిన ఆకులు ఊడ్చి కుప్పపోసి ఉన్నాయి. లోపల హాల్లో రెండు బల్లలు కలిపి వేశారు. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. రెండిటి మీదా కలిపి ఆమె కుట్టిన పాత కర్టెను పరిచారు. సరిగ్గా మధ్యలో మెట్టులా దిగింది. వంటింట్లోంచి కాల్చిన కోడి వాసన, ఉడికిన మొక్కజొన్న వాసన, వెన్న వాసన కలిసి వస్తున్నాయి.

బల్ల చివర కిటికీ పక్కన బామ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో నాప్‌కిన్ పరుచుకుని దాని మీద ఒక చెయ్యి పెట్టుకుంది. అమ్మ, నాన్న, నాన్న చెల్లెలైన అత్తయ్య, ఆవిడ భర్త మామయ్య అటూ ఇటూ తిరుగుతున్నారు. ఇంకొకాయన అప్పుడే ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినట్టున్న చొక్కాతో, రిబ్బను కట్టిన కేకు డబ్బాతో వచ్చాడు.

"ఈయన పైవాటాలో ఉంటారు, పళ్ళ డాక్టరు" అంది అమ్మ.

పళ్ళ డాక్టరు ముప్ఫై రెండు పళ్ళూ చూపించి నవ్వాడు. ఒక్కటి కూడా వంకర లేదు. మనవాడికి గుండెలో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది.

వడ్డన మొదలైంది. నాన్న కోడిని కోసి అందరి పళ్ళేల్లో వేశాడు. మామయ్య మొదటి ముక్క నమిలి, ఇంకా నమిలి, చివరికి మింగాడు.

"అక్కయ్యా, ఈ కోడి రోజూ పొద్దున్నే లేచి పరిగెత్తేదా? కండలు తేలి ఉంది" అన్నాడు అమ్మతో.

మనవాడు ఉలిక్కిపడ్డాడు. అమ్మ మాత్రం తాపీగా అత్తయ్య వైపు తిరిగింది. "నీ బంగాళాదుంపల ముద్ద చూశావా వదినా? గోడకి పూయడానికి చేశావా, తినడానికి చేశావా?"

"అన్నయ్య ఉడికించిన మొక్కజొన్న కన్నా నయంలే. అది ఉడికిందని పొయ్యికైనా తెలుసా?" అంది అత్తయ్య.

"అల్లుడూ," అని బామ్మ బ్రెడ్డు ముక్క ఎత్తి బల్ల మీద టకటక కొట్టింది, "నువ్వు చేసిన ఈ బ్రెడ్డు గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు నాయనా."

ఒక్కరూ నవ్వలేదు. అందరూ యమా గంభీరంగా తింటున్నారు. పండగపూట ఈ ఇంట్లో ఇంత గొడవేమిటో మనవాడికి బొత్తిగా బోధపడలేదు. ఆస్తి తగాదా ఏమైనా ఉందా? తను వచ్చిన రోజే బయటపడిందా? పోనీ చల్లబరుద్దామని రంగంలోకి దూకాడు.

"ఆంటీ, కోడి అద్భుతం. వెన్నలా ఉంది."

అమ్మ "అలాగా బాబూ" అని ఊరుకుంది.

"అంకుల్, మొక్కజొన్న అమోఘం. బ్రెడ్డు చాలా బాగుందండీ. ముద్ద కూడా..."

అతను ఒక్కొక్కటి మెచ్చుకున్నకొద్దీ బల్ల చుట్టూ మాటలు తగ్గిపోతున్నాయి. ఎవరో తెలియని చుట్టం ముందు కూర్చున్నట్టు అందరూ సర్దుకుని కూర్చుంటున్నారు. కర్టెన్లమ్మాయి పళ్ళెంలోకి చూస్తూ మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటే వలుస్తోంది. పళ్ళ డాక్టరు ఒక్కడే అతనికి తోడు. "కరెక్టండీ, అన్నీ చాలా బాగున్నాయి" అని తల ఊపుతున్నాడు.

అప్పుడు ఆమె లేచి వెళ్ళి సూపు గిన్నె తెచ్చింది. మూత సొట్టపోయిన పెద్ద పాతగిన్నె. గుమ్మడికాయ సూపు. ఒక్కొక్కరికీ తనే పోసింది.

"పలచన" అన్నాడు నాన్న.

"మిరియాలు నలగలేదు. పంటి కింద రాళ్ళలా తగులుతున్నాయి" అంది అత్తయ్య.

"రంగు చూడండి. ఎవరి హాల్లోనో ఏదో గోడ ఉందన్నారే, అదేనా?" అన్నాడు మామయ్య.

మనవాడు చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

సూపులో ఉప్పు లేదు. తక్కువ కావడం కాదు, అసలు లేదు. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. ఆ సామెత ఎంత నిజమో అతనికి ఆ క్షణం నాలిక మీద తెలిసింది. ఇన్ని వంకలు పెట్టిన వీళ్ళు ఇంత పెద్దదాన్ని ఎలా వదిలేశారు? లేక తన నాలికకే ఏమైనా అయిందా? కంటితోనే ఉప్పుడబ్బా కోసం బల్లంతా వెతికాడు. మిరియాల డబ్బా ఉంది, దాని పక్కన ఖాళీ ఉంది.

తలెత్తితే అందరూ అతన్నే చూస్తున్నారు. బామ్మ కూడా చెంచా దించి చూస్తోంది. కర్టెన్లమ్మాయి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎలా ఉంది?" అంది.

ఆమె మొదటిసారి చేసిన సూపు. ఇందాకటి నుంచి ఇంటిల్లిపాదీ చీల్చి చెండాడుతున్నారు. తను కూడా అంటే ఏడ్చేస్తుందేమో!

"అద్భుతంగా ఉందండీ" అన్నాడు.

"నిజంగా?"

"నిజంగా. ఇంకో గిన్నె పోయండి."

పోసింది. తాగాడు. ఆమె ముఖం ఇంకా చిన్నబోయింది. ఇంకా మెచ్చుకోవాలేమో అనుకుని మూడో గిన్నె కూడా అడిగాడు. ఆమె పోసేసి, గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు కూడా చాలా బాగుందండీ. చిగుళ్ళకి హాయిగా ఉంది" అన్నాడు పళ్ళ డాక్టరు.

"సంతోషం నాయనా" అని బామ్మ అతని వైపు చల్లగా నవ్వింది. మనవాడి గుండెలో ముల్లు ఇంకొంచెం లోపలికి దిగింది. తను అద్భుతం అన్నప్పుడు మౌనం, ఆయన బాగుంది అంటే నవ్వూనా!

ఆ తర్వాత యాపిల్ పై వంతు వచ్చింది.

"ఇది ఎవరు చేశారు?" అన్నాడు నాన్న.

"నేనే అంకుల్."

"దీని అడుగు చెప్పు అట్టలా ఉందేంటయ్యా?"

"యాపిల్ ముక్క ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. కత్తితో కోశావా, పళ్ళతో కొరికావా?" అంది అత్తయ్య.

"దాల్చినచెక్క పొడి వేస్తుంటే డబ్బా చెయ్యి జారిందా బాబూ?" అంది అమ్మ.

"నిమ్మరసం ఏదీ?" అంది బామ్మ.

మనవాడు ఆశగా కర్టెన్లమ్మాయి వైపు చూశాడు. ఆమె ఒక ముక్క తిని, చాలా స్పష్టంగా అంది: "అంచులు మాడ్చారు."

భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. ఇంతలో కేకు డబ్బా రిబ్బను విప్పారు.

"అబ్బ, ఎంత మెత్తగా ఉందో! బాగుంది డాక్టరుగారూ."

"చాలా బాగుంది."

"పైన క్రీము కూడా బాగుంది."

ఈ ఇంట్లో బాగుంది అనే మాట ఉందని మనవాడికి అప్పుడే తెలిసింది. అది ఎవరి కోసం దాచిపెట్టారో కూడా తెలిసిందనుకున్నాడు. ఇంకేముంది, అర్థమైపోయింది. పైవాటా, ఇస్త్రీ చొక్కా, ముప్ఫై రెండు పళ్ళు. తనని పిలిచింది బహుశా ఈ కబురు చెప్పడానికే. గోడలకి రంగు వేసేవాడు ఒకడు కావాలి కదా పెళ్ళికి.

"ఏమయ్యా, వేరే ఊరికి వెళ్ళిపోతున్నావట కదా?" అన్నాడు మామయ్య.

చెంచాల చప్పుడు ఆగింది.

"ఇంకా చెప్పలేదండీ. సోమవారం చెప్పాలి." గొంతు సవరించుకుని ఆమె వైపు తిరిగాడు. ఇదే ఆఖరి అవకాశం. "మీరేమంటారు? వెళ్ళనా?"

ఆమె అతని ముందున్న ఖాళీ సూపు గిన్నెని చాలాసేపు చూసింది.

"వెళ్ళండి" అంది. "బాగుంటుంది."

అతని మాటే అతనికి తిరిగొచ్చి తగిలింది. ఇది ఇంత చప్పగా ఉంటుందని ఇన్నేళ్ళలో అతనికి తెలియదు. "అయితే నేను బయల్దేరతానండీ. భోజనం చాలా బాగుంది" అని లేచి, యాపిల్ పై తెచ్చిన పళ్ళెం కోసం వంటింట్లోకి నడిచాడు.

వంటింట్లో గట్టు మీద రెండు పళ్ళేలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో కేకు దాదాపు అలాగే ఉంది, ఒక పక్క మాత్రం కాస్త కోసినట్టుంది. రెండోది తనది. అందులో ఏమీ లేదు. ముక్క లేదు, పొడి లేదు. మాడిన అంచులు కూడా చెంచాతో గీకి తినేశారు. పళ్ళెం అడుగున గీతలు కనిపిస్తున్నాయి.

చెప్పు అట్ట అన్నారు కదా? పళ్ళతో కొరికావా అన్నారు కదా? మరి ఎవరు తిన్నట్టు? ఖాళీ పళ్ళెం పట్టుకుని అతను అయోమయంగా నిలబడిపోయాడు. వెనక అడుగుల చప్పుడైంది. కర్టెన్లమ్మాయి.

"వెళ్తున్నారా?"

"అవునండీ. అన్నీ బాగున్నాయి."

"సూపు?"

"సూపు కూడా."

"నేను వెళ్ళమన్నది? అది కూడా బాగుందా?"

నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకో అక్కడి నుంచి కదల్లేదు. గొంతులో మూడు గిన్నెల చప్పటి సూపు, దాని మీద ఒక ఊరు, ఒక సోమవారం అడ్డంగా నిలబడ్డాయి.

"బాగాలేదు" అన్నాడు.

"ఏమన్నారు?"

"బాగాలేదండీ! ఏమీ బాగాలేదు! మూడుసార్లు మాడ్చి నాలుగోసారి చేసిన పై అది. చెప్పు అట్ట అంటారా? ఆయన కొనుక్కొచ్చిన కేకు బాగుందా? మీ ఇంట్లో కోడి నమల్లేక దవడలు పీకుతున్నాయి. ఆ బ్రెడ్డుకి నా పన్ను కదిలింది. ఇక మీ సూపు! అందులో ఉప్పు లేదు! చిటికెడు కూడా లేదు! గుమ్మడికాయ కడిగిన నీళ్ళు తాగినట్టుంది!"

"మరి మూడు గిన్నెలు ఎందుకు తాగారు?"

"మీరు చేశారని తాగాను! మీరు చేస్తే ముప్ఫై గిన్నెలైనా తాగుతాను! కానీ మీరు వెళ్ళమనడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ ఊరు నాకొద్దు. మీరు లేని ఊళ్ళో నాకేం బాగుంటుంది? మిమ్మల్ని ప్రేమిస్తున్నానని చెప్పడానికి వచ్చానండీ ఇవాళ. చెప్పేలోపే మీరు బాగుంటుంది వెళ్ళమన్నారు. అది అసలు బాగాలేదు!"

ఇంతసేపు అతను అరవడం అతని జీవితంలో ఇదే మొదటిసారి. అరిచి, తనే భయపడి, పళ్ళెం గుండెకి హత్తుకున్నాడు.

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, ఆ నీళ్ళలోంచి నవ్వు. ఈమె ఏడుస్తోందా నవ్వుతోందా? అది కూడా తెలియలేదు.

హాల్లోంచి టకటకమని చప్పుడు. చూస్తే నాన్న, అమ్మ, అత్తయ్య, మామయ్య చెంచాలతో బల్ల మీద దరువేస్తున్నారు. బామ్మ మెల్లగా నడిచి వచ్చింది. నాప్‌కిన్ కింద ఇంతసేపూ దాచిన ఉప్పుడబ్బా తీసి అతని ఖాళీ పళ్ళెంలో పెట్టింది.

"హమ్మయ్య. పెద్ద వంక నీకోసం వదిలేసి, నోరు కట్టుకుని కూర్చున్నాం నాయనా. ఇంకాసేపైతే నాకే వచ్చేసేది."

"నాకు అర్థం కావట్లేదు బామ్మగారూ."

"నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి ఏడు, ఇదే సెలవుకి వంటంతా మాడ్చాను. ఆ మహానుభావుడు, వీళ్ళ తాతగారు, ప్రతి ముద్దకీ బాగుంది బాగుంది అన్నారు. నాకు ఒళ్ళు మండింది. బాగుందనడానికి బయటివాళ్ళున్నారు, మీరు నా మనిషైతే ఉన్నదున్నట్టు చెప్పండి అన్నాను. అప్పుడు మొదలుపెట్టారు చూడూ, ఏ వంకా వదల్లేదు. అప్పటి నుంచీ ఈ ఒక్క పూట ఇంతే. చుట్టాలు మెచ్చుకుంటారు, ఇంట్లోవాళ్ళు వంకలు పెడతారు."

"అయితే చెప్పొచ్చు కదండీ!"

"చెప్పి పెట్టించుకుంటే అది వంక ఎలా అవుతుంది? ఎవరికి వాళ్ళకే రావాలి."

"నాకు నాలుగేళ్ళు పట్టిందయ్యా" అన్నాడు మామయ్య గుమ్మంలోంచి. "ఐదో ఏడు మీ అత్తయ్య చేసిన బిస్కెట్టుకి పన్ను విరిగి నిజం బయటికొచ్చింది."

మీ అత్తయ్య అన్న మాట మనవాడి చెవిలో తీయగా మోగింది. అయినా ఒక సందేహం మిగిలింది. "అయితే నా పై బాగుందా?"

"లేదు!" అన్నారు అందరూ ఒకేసారి.

"బాగాలేదు" అంది బామ్మ. "కానీ మిగల్లేదు."

వాళ్ళందరూ హాల్లోకి వెళ్ళారు, లేదా వెళ్ళినట్టు నటించి తలుపు చాటున ఆగారు. వంటింట్లో ఇద్దరే మిగిలారు.

"సూపులో ఉప్పు మర్చిపోయావా?" అన్నాడు. మీరు ఎప్పుడు నువ్వు అయిందో అతను గమనించలేదు. ఆమె గమనించింది.

"మర్చిపోలేదు. వేయలేదు."

"ఎందుకు?"

"చెప్పకూడదు కదా. కనీసం మీకు కళ్ళు మూసుకున్నా కనిపించే వంక ఒకటి పెట్టి వడ్డిద్దామనుకున్నాను. ఉప్పు లేని సూపు తాగి ఏ మనిషైనా ఊరుకుంటాడా? మీరేమో ఇంకో గిన్నె అడిగారు! నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మూడో గిన్నెకి ఏడుపొచ్చేసింది."

"నిన్ను బాధపెట్టకూడదని..."

"అదే నా బాధ. ఏడాది నుంచి నా కర్టెన్లు బాగున్నాయన్నారు. నేను వానలో తడిసి దయ్యంలా ఉంటే బాగున్నారన్నారు. ఆ గుమ్మడికాయ గోడ కూడా బాగుందన్నారు. నేనూ ఆ గోడా మీకు ఒకటేనా అని ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా?"

ఆ వాన రోజు ఆమె ఎందుకు వెళ్ళిపోయిందో మనవాడికి ఇప్పటికి తెలిసింది.

"ఆ గోడ ఘోరంగా ఉంది" అన్నాడు. "మొదటి రోజే తెలుసు. నీలం కర్టెన్లతో ఇంకా ఘోరంగా ఉంది. కానీ నువ్వు గుమ్మంలో నిలబడి అరిచావు చూడు, అది మాత్రం బాగుంది. కాటుక కారినప్పుడు నిజంగా దయ్యంలానే ఉన్నావు. అయినా చూస్తూ ఉండిపోవాలనిపించింది. అందుకే బాగున్నావన్నాను. అది అబద్ధం కాదు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సోమవారం మీ ఓనరుకి ఏం చెప్తావు?"

"ఆ ఊరు బాగాలేదని."

"చూడకుండానే?"

"నువ్వు లేవుగా. ఇంకా చూడ్డమెందుకు?"

తలుపు చాటున అత్తయ్య ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నాన్న గట్టిగా దగ్గి, "సూపు వేడిచేసి తీసుకురా అమ్మా, అబ్బాయిని కూడా" అన్నాడు. అంతకు మించిన ఆశీర్వచనం ఆ ఇంట్లో ఎవరికీ దక్కలేదని తర్వాత తెలిసింది.

మళ్ళీ అందరూ బల్ల దగ్గర చేరారు. ఈసారి అతని కుర్చీ రెండు బల్లలు కలిసే చోట, మెట్టు దగ్గర వేశారు. కొత్తవాళ్ళ చోటు అదేనట. గిన్నె ఒక పక్కకి ఒరిగింది. ఆమె పక్కనే కూర్చుని సూపు పోసి, ఉప్పుడబ్బా అందుకుని, ఈసారి కసి తీరా వేసి కలిపింది.

అతను చెంచా నోట్లో పెట్టుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఎలా ఉంది?" అంది ఆమె.

"ఉప్పు ఎక్కువైంది" అన్నాడు.

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి ఏ వంకా దొరకలేదు. వెతకడం కూడా మానేసి గిన్నె ఖాళీ చేశాడు.

"నాకైతే చాలా బాగుందండీ" అన్నాడు పళ్ళ డాక్టరు.

"పాపం, ఆయనకి ఇంకో గిన్నె పోయవే" అంది బామ్మ.